కవచానికి ఇనుము కళ రావట్లేదు, అల్యూమినియం గిన్నెలా ఉంది

కొండాపూర్_కత్తి:
75 ఎంఎం రెజిన్ బొమ్మ, 15వ శతాబ్దపు మిలాన్ యోధుడు. గ్రే ప్రైమర్, దాని మీద బ్రష్‌తో సిల్వర్, సందుల్లో నల్ల వాష్ (నీళ్ళలా పలచటి రంగు). అంతా ఒకటే మెరుపు. మోకాలి చిప్ప ఎక్కడ తిరిగిందో, ఛాతీ రేకు ఎక్కడ ఉబ్బిందో తెలియట్లేదు. ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే పరికరం) లేదు. చెయిన్‌మెయిల్ (ఇనుప రింగుల అల్లిక) ఎలా వేస్తున్నారు? ఇత్తడి రివెట్లకు ఏ రంగు? చివర్లో మ్యాట్ వార్నిష్ కొట్టొచ్చా?

నల్లప్రైమర్:
గ్రే మీద వేస్తే అంతే అన్నా. గ్లాసీ బ్లాక్ వేసి బాగా ఆరనిచ్చి, అప్పుడు వల్లేహో కంపెనీ మెటల్ కలర్ పలచగా కొట్టు. అడుగు ఎంత నున్నగా ఉంటే రంగులోని అల్యూమినియం రేణువులు అంత చదునుగా పడుకుంటాయి. ఎయిర్‌బ్రష్ కొనుక్కో, తప్పదు.

స్వర్ణపతకం:
ఆ సిల్వర్ సీసాలు అవతల పారేయండి. పోటీల్లో జడ్జిగా కూర్చున్నవాణ్ణి కాబట్టి చెప్తున్నా, పెయింటింగ్ అంటే ఎన్‌ఎంఎం (నాన్-మెటాలిక్ మెటల్). మెరుపు లేని మామూలు రంగులతోనే ఉక్కు చూపించాలి. పైన ఆకాశపు లేత నీలం, మలుపు దగ్గర దాదాపు నలుపు, కింద నేల గోధుమ, వెలుగు తగిలేచోట ఒక్క తెల్ల చుక్క. మెరుపు సీసాలోనే ఉంటే ఇక మీ చేతికి పనేముంది?

బ్రష్_బాబాయ్:
జడ్జి గారూ, మీ ఎన్‌ఎంఎం ఫొటోలో బావుంటుంది. బొమ్మని చేత్తో తిప్పితే మాత్రం మెరుపు కదలదు, గీసినచోటే ఉంటుంది. యుద్ధం ఆటకి వాడే 28 ఎంఎం బొమ్మల పటాలంలో ఒక్కొక్కడి భుజం మీదా ఆకాశం గీస్తూ కూర్చుంటే ఆట ఎప్పుడాడాలి? కొండాపూర్, నీ సిల్వర్ అలాగే ఉంచు. బర్న్ట్ అంబర్, నలుపు ఆయిల్ రంగులు వైట్ స్పిరిట్‌లో పలచన చేసి, వెలుగు తగలని వైపు పూయి. అక్కడ మెరుపు చచ్చిపోవాలి, కావాల్సిందే అది. ఉబ్బెత్తు చోట మళ్ళీ శుభ్రమైన సిల్వర్ తాకించు.

స్వర్ణపతకం:
28 ఎంఎం వాళ్ళతో నాకు వాదన లేదు. వాష్‌లో ముంచి తీసే బ్యాచ్.

బ్రష్_బాబాయ్:
బ్యాచ్ ఏంటండీ బ్యాచ్? మీ బొమ్మ ఒక్కటి వీడియోలో తిప్పి చూపించండి, మాట్లాడదాం.

మ్యూజియం_మోజు:
మీరు కొట్టుకోండి గానీ, ఉక్కు తెల్లగానే ఉండాలని ఎవరన్నారు? మిలాన్ వాళ్ళు తళతళలాడేలా మెరుగుపెట్టేవాళ్ళు, సరే. 16వ శతాబ్దపు ఇంగ్లండ్ గ్రీనిచ్ కవచాల్లో నీలం, ఎర్రగోధుమ రంగు తేల్చినవి ఉన్నాయి, వాటి మీద బంగారు నగిషీ. ఇవాళ మ్యూజియాల్లో తెల్లగా కనిపించే చాలా కవచాలు తర్వాతి కాలంలో రుద్ది రుద్ది రంగు పోగొట్టినవే. ముందు సాలార్ జంగ్‌లో ఆయుధాల గ్యాలరీ చూసి రండి.

నల్లప్రైమర్:
అలా అని తుప్పు వేసేవాళ్ళని చూస్తే ఒళ్ళు మంట. కవచం తుడవడానికి పనివాళ్ళున్న దొరవారి ఒంటి నిండా నారింజ మరకలా?

విశాఖ_ఉప్పుగాలి:
వార్నిష్ అడిగారుగా, వానాకాలంలో స్ప్రే డబ్బా జోలికి పోకండి. గాల్లో తేమకి నా గుర్రం, రౌతు రెండూ తెల్లగా పొగబారాయి. అమ్మినవాడేమో "మా సరుకులో లోపం లేదు సార్" అంటాడు. అసలు ఇనుముకి మ్యాట్ వద్దు. అందులోని సన్న పొడి వెలుగుని చెల్లాచెదురు చేసి మెరుపు మింగేస్తుంది. గుడ్డకి, తోలుకి మ్యాట్ బ్రష్‌తో వేసి, కవచానికి శాటిన్ (సగం మెరుపు) వార్నిష్ వాడండి.

కొండాపూర్_కత్తి:
చెయిన్‌మెయిల్ సంగతి ఎవరైనా చెప్పండి బాబూ. రివెట్లు కూడా.

పెన్సిల్_పంతులు:
మ్యాట్ నలుపు వేసి, 6బి పెన్సిల్ ములుకు గీకి, ఆ పొడిని అరిగిపోయిన పొట్టి బ్రష్‌తో రుద్దండి. రింగుల నెత్తిన మాత్రమే అంటుకుంటుంది, సందుల్లో నలుపు మిగిలిపోతుంది. వేలికి అంటుతుంది కాబట్టి బొమ్మని దిమ్మెకి బిగించాకే ఈ పని. సిల్వర్ కడిగిన నీళ్ళలో ముఖం వేసే బ్రష్ ముంచకండి, బుగ్గల మీద తళుకులు తేలతాయి.

బ్రష్_బాబాయ్:
జడ్జి గారి వీడియో ఇంకా రాలేదు.

స్వర్ణపతకం:
చూపించాల్సినచోట చూపిస్తా.

విశాఖ_ఉప్పుగాలి:
ఎయిర్‌బ్రష్ మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. రాత్రిపూట కంప్రెసర్ వేస్తే కింది ఫ్లాటువాళ్ళు తలుపు కొడుతున్నారు. ట్యాంకు ఉన్నది కొంటే చప్పుడు తగ్గుతుందా?

నల్లప్రైమర్:
మోటారు ఆగి ఆగి తిరుగుతుంది, తిరిగినప్పుడు మోత మాత్రం అదే. కింద మందపాటి రబ్బరు షీటు వేసి చూడు. పాతది అమ్మేస్తావా?