వైజాగ్‌లో నాన్నగారి ఇంటి మీద సోలార్: డబ్బు నాది, సబ్సిడీ ఎవరిది?

డాలస్ నుంచి, కొత్త సభ్యుడు:

అందరికీ నమస్కారం. నేను ఇక్కడికి వచ్చి ఇంకా ఏడాది కాలేదు. అమ్మానాన్నలు ఎంవీపీ కాలనీలో సొంత ఇంట్లో ఉంటున్నారు. డాబా అంతా ఖాళీయే. వేసవిలో రెండు ఏసీలు నడిస్తే నెలకి 450 యూనిట్ల దాకా కాలుతోంది, చలికాలంలో 250 లోపే. సోలార్ పెట్టిద్దామని ఉంది. ఇక్కడ ఆఫీసులో ట్యాక్స్ క్రెడిట్ అంటుంటారు కదా, అక్కడా అలాంటిదేనా? డబ్బు నేను కడితే రాయితీ నాకు వస్తుందా? ఒక ఏజెంటు 5 కిలోవాట్లు వేయించుకోమని నాన్న వెంటపడుతున్నాడు, సబ్సిడీ సంగతంతా తనే చూసుకుంటాడట. మీటరేమో ఇప్పటికీ తాతగారి పేరునే ఉంది. ఆయన పోయి చాలా కాలమైంది. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

న్యూజెర్సీ నుంచి:

తమ్ముడూ, మాది సీతమ్మధార. ముందు మీటరు సంగతి చూడు, మిగతావన్నీ దాని తర్వాతే. డబ్బు ఎవరు పెట్టారన్నది అక్కడ ఎవరూ అడగరు. కరెంటు సర్వీసు ఎవరి పేరున ఉంటే దరఖాస్తు వాళ్లది, సబ్సిడీ వాళ్ల ఖాతాకే. నాన్నగారిని ఈపీడీసీఎల్ (మన ఊరి కరెంటు పంపిణీ సంస్థ) ఆఫీసులో పేరు మార్పిడికి పెట్టమను. తాతగారి మరణ ధ్రువపత్రం, ఇంటి కాగితాలు, నాన్నగారి తోబుట్టువులకు అభ్యంతరం లేదన్న పత్రం సిద్ధం చేసుకోండి. ఈ చివరి కాగితం దగ్గరే చాలా ఇళ్లలో నెలలు గడిచిపోతాయి. మీ మేనత్తలు, పెదనాన్నలతో నువ్వే ఫోన్ చేసి మాట్లాడు, నాన్నగారికి అడగడం మొహమాటంగా ఉండొచ్చు. బిల్లు మీద పడే పేరు ఆధార్‌లో, బ్యాంకు పుస్తకంలో ఉన్నట్టే ఉండాలి, ఇంటిపేరు అక్షరంతో సహా.

ఇక రాయితీ. ఇక్కడ సొంతింటి సోలార్‌కి 30 శాతం ఫెడరల్ క్రెడిట్ ఉండేది. మనం కట్టాల్సిన పన్నులోంచి తగ్గేది. 2025 జూలైలో వచ్చిన చట్టంతో అది 2025 డిసెంబరు 31తో ముగిసింది. మన దేశంలోది పన్నుతో సంబంధం లేని నగదు. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద 1 కిలోవాటుకి 30,000, 2 కిలోవాట్లకి 60,000, 3 కిలోవాట్లకి 78,000 రూపాయలు ఇస్తారు. ఆపైన ఎన్ని కిలోవాట్లు వేసినా 78,000 దగ్గరే ఆగిపోతుంది. పథకాన్ని 2026-27 ఆర్థిక సంవత్సరం దాకానే ప్రకటించారు, కాబట్టి మీటరు పేరు పని వాయిదా వేయకు.

ఆ ఏజెంటు 5 కిలోవాట్లు అనడం నాకు నచ్చలేదు. మన దగ్గర గృహ వినియోగం స్లాబులు చూడు, యూనిట్‌కి రూపాయల్లో: మొదటి 30 యూనిట్లకి 1.90, తర్వాత 75 దాకా 3.00, 125 దాకా 4.50, 225 దాకా 6.00, 400 దాకా 8.75, ఆపైన 9.75. సోలార్ వేస్తే ముందు తగ్గేది ఖరీదైన పై స్లాబులే. 450 యూనిట్లకి ఎనర్జీ చార్జీలు దాదాపు 3,035 రూపాయలు. ఒక కిలోవాటు రోజుకి సుమారు 4 యూనిట్లిస్తుంది, అంటే 3 కిలోవాట్లు నెలకి 360. మిగిలిన 90 యూనిట్లకి మీరు కట్టేది 260 లోపు. ఫిక్స్‌డ్ చార్జీలు, సర్దుబాటు చార్జీలు దీనికి వేరు. చలికాలంలో 250 యూనిట్లే వాడతారు కాబట్టి అప్పుడు నెలకి ఆదా అయ్యేది 1,235 దాకా. రెండు లక్షల అటూ ఇటూ ఖర్చయి 78,000 వెనక్కి వస్తే, పెట్టినది ఐదేళ్లకి కొంచెం అటూ ఇటూగా తిరిగొస్తుంది. ప్యానెళ్లు ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు పనిచేస్తాయి. 5 కిలోవాట్లు వేస్తే ఆ అదనపు రెండింటికి సబ్సిడీ పైసా రాదు. మిగులు యూనిట్లు గ్రిడ్డుకి పోతాయి, వాటికి డిస్కం (అంటే ఈపీడీసీఎల్) ఇచ్చే ధర మీరు కట్టే 8.75 దరిదాపుల్లో ఉండదు. రేపు కరెంటు కారు కొనే ఆలోచన ఉంటే అది వేరే లెక్క.

సబ్సిడీ ఏజెంటు చేతికి రాదని నాన్నగారికి గట్టిగా చెప్పు. వ్యవస్థ బిగించి, నెట్ మీటరు (గ్రిడ్డుకి పోయేదీ, అక్కణ్ణుంచి వచ్చేదీ రెండూ లెక్కించే మీటరు) పెట్టి, డిస్కం పరిశీలన అయ్యాక మనమే పథకం పోర్టల్‌లో బ్యాంకు వివరాలు ఇస్తాం, డబ్బు నేరుగా ఖాతాలో పడుతుంది. పోర్టల్‌లో నమోదైన వెండర్ల జాబితాలో ఆ మనిషి కంపెనీ ఉందో లేదో చూడండి. సెల్లూ ప్యానెలూ రెండూ మన దేశంలో తయారైనవైతేనే సబ్సిడీ. చవగ్గా ఇస్తామనే కొటేషన్లలో మెలిక ఎక్కువగా ఇక్కడే ఉంటుంది. డీసీఆర్ (అంటే ఇలా మన దేశంలోనే తయారైన) ప్యానెళ్లని కొటేషన్ మీద రాయించుకోండి. ఐదేళ్ల నిర్వహణ బాధ్యత వెండరుదే, అదీ కాగితం మీదకి రావాలి.

కొడుకు దగ్గర తీసుకోవడం నాన్నగారికి ఇబ్బందిగా ఉంటే, 3 కిలోవాట్ల దాకా తాకట్టు లేకుండా బ్యాంకు రుణం దొరుకుతుంది. వడ్డీ రెపో రేటు (రిజర్వు బ్యాంకు బ్యాంకులకి అప్పిచ్చే రేటు) కంటే అర శాతం ఎక్కువ. నువ్వే పంపేటట్టయితే ఆయన ఖాతాకి పంపేయి, పిల్లలు తల్లిదండ్రులకి ఇచ్చే డబ్బు మీద అక్కడ ఆదాయపు పన్ను పడదు.

మెల్‌బోర్న్ నుంచి:

బాబూ, మా పుట్టిల్లు మల్కాపురం. అన్నయ్యగారు లెక్కలన్నీ చెప్పారు, నేను గాలి గురించి చెప్తాను. ఎంవీపీ అంటే సముద్రం పక్కనే. ఉప్పుగాలికి ఇనుము ఎంత తొందరగా తుప్పు పడుతుందో మీ ఇంటి కిటికీ ఊచలు చూస్తే తెలుస్తుంది. ప్యానెళ్లకి ఐఈసీ 61701 ఉప్పుగాలి పరీక్ష పత్రం అడగండి. స్టాండుకి వేడి జింకు పూత 80 మైక్రాన్లకి తగ్గకూడదు, లేదా అల్యూమినియం వేయించండి. బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువే కావాలి. ఇవన్నీ కలిపి పెరిగే ఖర్చుకి వెనకాడొద్దు, సబ్సిడీ మిగిల్చిన డబ్బు ఇక్కడ పెట్టడమే న్యాయం.

ప్యానెళ్ల కింద బట్టలు, వడియాలు ఆరేసుకోవచ్చని చాలామంది బాగా ఎత్తు స్టాండు అడుగుతున్నారు. ఎత్తు పెరిగేకొద్దీ గాలి పట్టు పెరుగుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మన ఊరి మీదకి గంటకి 180 కిలోమీటర్ల గాలితో వచ్చింది. ఆ గాలికి సరిపడా డిజైనేనా అని వెండరుని అడిగి, రాతపూర్వకంగా తీసుకోండి.

మా వైపు, వైజాగ్ ఓల్డ్ టౌన్ వైపు పోర్టు బొగ్గుపొడి డాబాల మీద నల్లగా పేరుకుంటుంది. అటువైపు ఇళ్లవాళ్లు వారానికోసారైనా ప్యానెళ్లు కడగాలి. నాన్నగారు వయసులో నిచ్చెన ఎక్కకూడదు, మేడ మీద కొళాయి పాయింటు ఇప్పుడే పెట్టించండి.

చదివే మిగతావాళ్లకి ఒక మాట: ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకి 2 కిలోవాట్లు ఉచితంగా, బీసీలకి కేంద్ర సబ్సిడీ మీద అదనంగా 20,000 రూపాయలు రాష్ట్రం ఇస్తోంది. ఊళ్లో మనవాళ్లకి చెప్పండి. అపార్ట్‌మెంటైతే లిఫ్టు, మోటారు లాంటి ఉమ్మడి అవసరాలకి అసోసియేషన్ పెట్టుకుంటే కిలోవాటుకి 18,000.

డాలస్ నుంచి, కొత్త సభ్యుడు:

అన్నయ్యా, అక్కా, చాలా కృతజ్ఞతలు. తుఫానుకి కరెంటు పోయినా సోలార్ ఉంటుంది కదా అని నాన్న ధైర్యంగా ఉన్నారు. నిజమేనా?

న్యూజెర్సీ నుంచి:

లేదు తమ్ముడూ, ఇది ముందే చెప్పేయి. గ్రిడ్డుకి కలిపిన మామూలు ఇన్వర్టరు కరెంటు పోగానే తనూ ఆగిపోతుంది. ఆగకపోతే తీగ మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణానికే ముప్పు. కరెంటు పోయినా నడవాలంటే బ్యాటరీతో హైబ్రిడ్ ఇన్వర్టరు కావాలి. బ్యాటరీకి ఈ పథకంలో డబ్బు రాదు, ప్యానెళ్లకి మాత్రమే. అమ్మగారికి, నాన్నగారికి మందులు ఫ్రిజ్‌లో పెట్టాల్సిన అవసరం ఉంటే నేనైతే చిన్న బ్యాటరీ ఒకటి వేయిస్తాను. లేకపోతే ఇంట్లో ఉన్న పాత ఇన్వర్టరుతో ఫ్యాన్లు, లైట్లు సరిపోతాయి.

10 కిలోవాట్ల లోపు వాటికి సాంకేతిక పరిశీలన లేకుండానే అనుమతి వచ్చినట్టు లెక్కించాలని 2024లో కేంద్రం నిబంధన మార్చింది. ఎవరైనా 'ఫీజిబిలిటీ కోసం' అని డబ్బడిగితే ఇవ్వొద్దు. ఏదైనా అనుమానమొస్తే 1912కి ఫోన్ చేయమను. వాట్సాప్‌లో వచ్చే సోలార్ లింకులు, యాప్ ఫైళ్లు తెరవొద్దని అమ్మగారికీ చెప్పు. పోర్టల్‌లో నాన్నగారి మన దేశపు నంబరే ఇవ్వండి, ఓటీపీలు దానికే వస్తాయి. ఆ ఓటీపీ ఎవరికీ చెప్పకుండా, నువ్వు వీడియో కాల్‌లో ఉండగా ఆయన చేతే నమోదు చేయించు. శనివారం పొద్దున నాకు ఖాళీ ఉంటుంది, నాన్నగారితో కలిసి కాల్‌లోకి రా, కొటేషన్లు ముగ్గురం చూద్దాం.