చూపు తగ్గిన నాన్నకి స్మార్ట్ కళ్లద్దాలు పనికొస్తాయా?

ప్రశ్న (తెనాలి అమ్మాయి):
నాన్నకి 71 ఏళ్లు, లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. గ్లకోమాతో చూపు చాలావరకు పోయింది. అమ్మా ఆయనా తెనాలిలో, నేను హైదరాబాద్‌లో. కెమెరా, స్పీకర్లు, ఏఐ ఉండే రే-బాన్ మెటా కళ్లద్దాలు కొందామని తమ్ముడు అంటున్నాడు. 2025 మేలో ఇండియాకి వచ్చినప్పుడు ధర రూ. 29,900 నుంచి మొదలైంది. అంత డబ్బుకి తగ్గ ఉపయోగం ఉంటుందా?

జవాబు (విశాఖ బ్యాంకు ఉద్యోగి):
నాకు పుట్టుకతోనే చూపు లేదమ్మా. ఎనిమిది నెలలుగా అవే పెట్టుకుంటున్నాను. ముందు చెవుల సంగతి చెప్తాను. రోడ్డు మీద మాకు చెవులే దిక్కు. ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే ఆటో ఎటునుంచి వస్తోందో తెలియదు. వీటికి స్పీకర్లు కాడల్లోనే ఉంటాయి, చెవి మూసుకుపోదు. ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో సంచీ ఉన్నా ఎదురుగా బోర్డు మీద ఏముందో కళ్లద్దాల్లోని ఏఐని అడగొచ్చు.

నేను ఎక్కువగా వాడేది వాట్సాప్ వీడియో కాల్. ఫొటో బటన్ రెండుసార్లు నొక్కితే కళ్లద్దాల కెమెరాకి మారుతుంది. మొన్న పూర్ణా మార్కెట్‌లో చొక్కా కొన్నాను. రంగులు ఇంటి దగ్గర్నుంచే చూసి మా ఆవిడ చెప్పింది. మీరూ హైదరాబాద్ నుంచే నాన్నగారి ఎదుట ఏముందో చూడొచ్చు.

కర్ర మాత్రం మాన్పించకండి, గుంతలూ మెట్లూ ఇవి ముందుగా హెచ్చరించవు. ఏఐ తప్పు చదవొచ్చు కాబట్టి మందులు మీ అమ్మగారే చూసి ఇవ్వాలి. ఫోనూ నెట్టూ ఉండాలి. మొదటి మోడల్ బ్యాటరీ నాలుగు గంటలే, మధ్యలో పెట్టెలో పెట్టి చార్జ్ చేసుకోవాలి.

జవాబు (కళ్లద్దాల షాపు):
బరువు దాదాపు 49 గ్రాములు. కాడల్లో బ్యాటరీ, సర్క్యూట్లు ఉంటాయి, మామూలు ఫ్రేములా వేడిచేసి వంచలేం. ముక్కు మీద జారితే కెమెరా నేలవైపు తిరుగుతుంది. ఆయనకి పెట్టి చూడకుండా కొనకండి.

తెనాలి అమ్మాయి:
ఇంటికొచ్చినవాళ్లు వీడియో తీస్తున్నారని ఇబ్బంది పడరా?

విశాఖ బ్యాంకు ఉద్యోగి:
ఫ్రేముకి ఒక మూల కెమెరా, రెండో మూల చిన్న తెల్ల లైటు. వీడియో తీస్తుంటే అది వెలుగుతుంది. దాన్ని కప్పేస్తే రికార్డు చెయ్యనివ్వదు. 2013లో 1,500 డాలర్లకి అమ్మిన గూగుల్ గ్లాస్‌కి అలాంటి లైటు లేదు, జనం గట్టిగా అభ్యంతరం చెప్పారు. అయినా మీ నాన్నగారు ముందే చెప్పి పెట్టుకుంటే మంచిది. నేను కౌంటర్లో కూర్చునేటప్పుడు తీసేస్తాను.

తెనాలి అమ్మాయి:
చాలా థాంక్స్ అండీ. ఆదివారం నాన్నని షాపుకి తీసుకెళ్తాం. తెలుగు ఎలా చదువుతుందో చూడటానికి ఆ రోజు పేపరు పట్టుకెళ్తాను.