ఏబీ రకం థైమోమాకు సీ37 ఇవ్వాలా, డీ15.0 ఇవ్వాలా?

ప్రశ్న – కొత్త కోడర్, మాగుంట లేఅవుట్, నెల్లూరు

పెద్దలకు నమస్కారం. అమెరికా ఆసుపత్రుల రికార్డులకు కోడింగ్ (జబ్బులకు నిర్ణీత కోడు నంబర్లు వేయడం) చేసే సంస్థలో ఈమధ్యే చేరాను. ఇన్‌పేషెంటుగా ఆపరేషన్ జరిగిన ఒక చార్టులో రొమ్ము ఎముక వెనుక ఉన్న గడ్డను తీసివేశారు. పెథాలజీ రిపోర్టులో ‘థైమోమా, ఏబీ రకం, పై పొర చెక్కుచెదరలేదు, మసావోకా–కోగా మొదటి దశ’ అని ఉన్నది; థైమోమా అంటే ఛాతీలోని థైమస్ గ్రంథిలో పుట్టే గడ్డ. రోగికి మయస్థీనియా గ్రేవిస్ (కండరాలు త్వరగా బలహీనపడే జబ్బు) కూడా ఉన్నది. గడ్డ పొర దాటలేదు కనుక డీ15.0 (థైమస్‌లో నిరపాయకరమైన గడ్డ కోడు) చాలునని మా బృందంలో ఒకరు, సీ37 (థైమస్ క్యాన్సర్ కోడు) ఇవ్వాలని మరొకరు అంటున్నారు. ‘మాలిగ్నెంట్’ (క్యాన్సర్ స్వభావం గలది) అన్న మాట రిపోర్టులో ఎక్కడా లేనందున క్యాన్సర్ కోడు వేయడానికి నాకు చెయ్యి రావడం లేదు.

జవాబు – పెథాలజిస్టు, ఒంగోలు

సీ37 సరైనదమ్మా. పొర లోపల ఉన్న థైమోమాను నిరపాయకరమని రాయడం పాత అలవాటు. ఇప్పటి ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో ఏ, ఏబీ, బీ1, బీ2, బీ3 రకాలన్నిటికీ ప్రవర్తన అంకె (గడ్డ స్వభావాన్ని తెలిపే అంకె) 3, అంటే మాలిగ్నెంటే. ఎందుకంటే పూర్తిగా తీసివేసిన గడ్డ కూడా ఏళ్ల తరువాత ఊపిరితిత్తుల పై పొర మీద తిరిగి కనిపించవచ్చు. మైక్రోనాడ్యులర్ రకం వంటి కొన్ని మాత్రమే దీనికి మినహాయింపు. 1981లో మసావోకా ప్రతిపాదించిన దశలు గడ్డ ఎంత దూరం పాకిందో చెబుతాయే తప్ప దాని స్వభావాన్ని మార్చవు.

సూదితో తీసిన చిన్న ముక్క చూసేటప్పుడు మాకు అసలు చిక్కు వస్తుంది. బీ1 థైమోమాలోనూ, టీ లింఫోబ్లాస్టిక్ లింఫోమా అనే వేరే క్యాన్సర్‌లోనూ టీడీటీ అనే పరీక్ష రంగు పట్టే లేత లింఫోసైట్లే (ఒక రకం తెల్ల రక్తకణాలు) నిండి ఉంటాయి. ఎపిథీలియల్ కణాలను (థైమస్ సొంత పొర కణాలు) పట్టి చూపే సైటోకెరటిన్ రంగు వేసినప్పుడు అవి లింఫోసైట్ల మధ్య వలలాగా బయటపడితే థైమోమా వైపు మొగ్గుతాము.

జవాబు – ఊపిరితిత్తుల వైద్యుడు, నెల్లూరు

ఆపరేషన్‌కు ముందరి చార్టుల గురించి ఒక మాట. కొండపి వైపు పొగాకు ఆకు కుట్టే ఒకావిడ సాయంత్రమయ్యేసరికి ఆకు రెండుగా కనిపిస్తోందని, రెప్ప వాలిపోతోందని మా దగ్గరకు వచ్చారు. అటువంటి వారికి యాసిటైల్‌కోలిన్ రిసెప్టార్ యాంటీబాడీ పరీక్షతో పాటు ఛాతీ సీటీ తప్పక తీయిస్తాము; మయస్థీనియా ఉన్నవారిలో సుమారు 10 నుంచి 15 శాతం మందికి థైమోమా ఉంటుంది. కుర్రవాళ్లలో ఛాతీ ముందు భాగంలో గడ్డ కనిపిస్తే జెర్మ్ సెల్ ట్యూమర్ (బీజకణాల నుంచి పుట్టే గడ్డ) కాదని తేల్చుకోవడానికి ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ అనే రక్తపరీక్షలు కూడా చూస్తాము. సీటీలో థైమోమా అని స్పష్టంగా ఉండి, పూర్తిగా తీయగలిగినదైతే, పొరకు గండి పడకుండా బయాప్సీ మానేసి నేరుగా ఆపరేషన్‌కే పంపుతారు. అందువల్ల అప్పటి కాగితాల్లో ‘మీడియాస్టైనల్ మాస్’ (ఛాతీ మధ్య భాగంలో గడ్డ) అన్న మాటే ఉంటుంది, అది డాక్టర్ల నిర్లక్ష్యమని అనుకోవద్దు.

జవాబు – సీనియర్ కోడర్, కావలి

పెథాలజిస్టు గారి మాటకు తోడు, ఐసీడీ–10–సీఎం (అమెరికాలో వాడే జబ్బుల కోడుల పట్టిక) అకారాది సూచికలోనే థైమోమా కింద ఏ, ఏబీ, బీ రకాలు సీ37కు చూపబడ్డాయి కనుక ‘మాలిగ్నెంట్’ అన్న మాట కోసం వెదకనక్కరలేదు. అయితే ఇన్‌పేషెంటు చార్టులో పెథాలజీ రిపోర్టు ఒక్కదాన్నే పట్టుకొని కోడు ఇవ్వరాదు. చికిత్స చేసిన డాక్టరు ఆ నిర్ధారణను తన నోట్సులో రాసి ఉండాలి. రాసి ఉంటే గడ్డకే చికిత్స జరిగింది కనుక సీ37 ముందు, ఉధృతి లేని మయస్థీనియాకు జీ70.00 తరువాత ఇవ్వాలి. డీ38.4ను (స్వభావం తేలని థైమస్ గడ్డ కోడు) స్వభావం తేల్చలేకపోయామని పెథాలజిస్టు చెప్పినప్పుడే వాడాలి, రిపోర్టు రాలేదన్న కారణంతో కాదు. అవుట్‌పేషెంటు చార్టులో ‘థైమోమా కావచ్చు’ అని ఉంటే థైమోమా కోడు ఇవ్వరాదు, లక్షణాలకే ఇవ్వాలి. చికిత్స ముగిసి గడ్డ ఆనవాలు లేకపోతే తదుపరి చార్టుల్లో జెడ్85.238కు (గతంలో థైమస్ క్యాన్సర్ ఉండేదని తెలిపే కోడు) మారాలి, మయస్థీనియా కొనసాగుతుంటే జీ70.00 అలాగే ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలండీ. డిశ్చార్జి సమ్మరీలో ‘మీడియాస్టైనల్ మాస్ తొలగించబడినది’ అని మాత్రమే ఉన్నది.

సీనియర్ కోడర్, కావలి

అయితే ఆ చార్టును ఆపి డాక్టరుకు క్వెరీ (వివరణ కోరే లిఖిత ప్రశ్న) పంపండి. ‘ఇది క్యాన్సరేనా’ అని అడిగితే జవాబు మనమే అందించినట్లవుతుంది. పెథాలజీ వాక్యాన్ని ఉన్నది ఉన్నట్లు ఉటంకించి, తొలగించిన గడ్డకు తుది నిర్ధారణ ఏమిటో రాయమని కోరండి.