ఓడ ఆగిన నాలుగు రోజుల్లో చూసిన ద్వీపం గురించి యాత్రికుడు రాసినది నమ్మవచ్చునా?

ప్రతిపాదన:
పాత సముద్రయాత్రికులు ద్వీపాల రేవుల గురించి రాసినదంతా పైపై చూపే కనుక, ఆ రాతలను చరిత్రకు ఆధారంగా తీసుకోకూడదని నా వాదన. 1768 ఏప్రిల్‌లో ఫ్రెంచ్ నావికుడు బూగన్‌విల్ పసిఫిక్ సముద్రంలోని తాహితి దీవిలో సుమారు పది రోజులే ఉండి, దానికి ప్రేమదేవత దీవిని తలపించేలా ‘కొత్త సితేరా’ అని పేరు పెట్టాడు. యూరప్ ఆ స్వర్గకల్పననే చాలాకాలం నమ్మింది.

సమాధానం:
మీరు ఆ కథను సగంలో ఆపారు. బూగన్‌విల్ ఓడలో అహుతోరు అనే తాహితి వాసి పారిస్ దాకా వెళ్ళాడు. అక్కడివారంతా సమానులని తాను అనుకున్నది పొరపాటని, తాహితిలో అంతస్తుల తేడా చాలా ఎక్కువని అతడి మాటల వల్ల గ్రహించిన బూగన్‌విల్, 1771లో అచ్చయిన తన గ్రంథంలో ఆ పొరపాటును ఒప్పుకున్నాడు. తొలి మెప్పు, దాని దిద్దుబాటు రెండూ ఆ పుస్తకంలోనే ఉన్నాయి. పాఠకులు మొదటిదాన్నే పట్టుకుంటే ఆ తప్పు యాత్రికునిది కాదు.

పైపై చూపు అన్నారు కనుక మరొకటి చెబుతాను. 1832 జనవరిలో ప్రకృతి శాస్త్రవేత్త డార్విన్ ప్రయాణిస్తున్న బీగిల్ ఓడ అట్లాంటిక్‌లోని తెనెరిఫె దీవిని చేరినప్పుడు, కలరా భయంతో పన్నెండు రోజుల క్వారంటైన్ విధించడంతో ఆయన ఒడ్డున కాలు పెట్టకుండానే సాగిపోవలసి వచ్చింది. తరువాతి మజిలీ కేప్ వెర్డీ దీవుల్లోని పోర్టో ప్రాయా. సముద్రం మీది నుంచి ఆ ఊరి పరిసరాలు బీడుగా కనిపించినా, రేవులోకి వస్తుండగా కనిపించే కొండచరియ మీద, నీటికి సుమారు 45 అడుగుల ఎత్తున, మైళ్ళ పొడవునా సమంగా సాగిన తెల్లని చార ఆయనను ఆకట్టుకుంది. అది గవ్వలు నిండిన సున్నపు పొర. ఒకప్పటి సముద్రగర్భమే పైకి లేచిందని ఆయన దాని నుంచి గ్రహించాడు.

ప్రతివాదం:
రాళ్ళ విషయంలో ఒప్పుకుంటాను. కానీ రేవు వీధిలోని మనుషులు వచ్చిపోయే ఓడలకు తగినట్టు మసలుకుంటారు. వారిని చూసి లోపలి ఊళ్ళను అంచనా వేయడం ఎలా కుదురుతుంది?

సమాధానం:
చూసి కాదు, విని. 1835లో పసిఫిక్‌లోని గాలపగోస్ దీవుల్లో ఐదు వారాలు గడిపిన డార్విన్‌కు, తాబేలును చూసి అది ఏ దీవిదో చెప్పగలనని అక్కడి అధికారి లాసన్ చెప్పాడు. డార్విన్ ఆ మాటను కొంతకాలం పట్టించుకోలేదు. అప్పటికే ఆయన రెండు దీవుల్లో సేకరించిన నమూనాలు కొంతమేరకు కలిసిపోయాయి. ఈ లోపం మనకు తెలిసింది ఆయనే రాసిపెట్టినందువల్ల. అందుకే ఏ యాత్రికుని రాతలోనైనా నేను ముందుగా వెతికేది, అతడు ఎన్నాళ్ళున్నాడు, ఎంత దూరం నడిచాడు, ఎవరి మాట విన్నాడు అన్నదే. ఇవి చెప్పని రాతలను మీరు పక్కన పెట్టండి, నాకు అభ్యంతరం లేదు. చెప్పినవాటిని కూడా అదే కట్టలో చేర్చి తోసేస్తే, అహుతోరు బూగన్‌విల్‌కు చెప్పిన మాట మనకు ఎక్కడ దొరుకుతుంది?