‘మీ నేషనాలిటీ ఏమిటి?’ అని అడిగితే అమెరికా పౌరులైన మనం ఏమని జవాబు చెప్పాలి?

పెన్నాతీరం (మిల్వాకీ, విస్కాన్సిన్)

అందరికీ నమస్కారం. నేను నెల్లూరు జిల్లాలో పుట్టాను. పదహారేళ్లుగా మిల్వాకీలో ఉంటున్నాను, 2019లో అమెరికా పౌరసత్వం తీసుకున్నాను. ఈ మధ్య జరిగిన రెండు సంగతులు మనసులోంచి పోవడం లేదు. వాటి మీద మీ అభిప్రాయాలు తెలుసుకోవాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

మా పక్కింటి పెద్దాయనకు ఎనభై దాటాయి. మంచు పడిన ఉదయాల్లో తన వాకిలితో పాటు మా వాకిలి కూడా శుభ్రం చేసి వెళ్లే మనిషి. గత అక్టోబరులో ఇంట్లో ఊరబెట్టిన క్యాబేజీ సీసా ఒకటి తెచ్చి ఇచ్చి, "మేము జర్మన్లం కదా, ఇది లేకపోతే మాకు ముద్ద దిగదు" అన్నారు. ఆయన జర్మనీ చూడలేదు, జర్మన్ భాష రాదు, వలస వచ్చింది ఆయన ముత్తాత. మాటల్లోనే "ఇంతకీ మీ నేషనాలిటీ ఏమిటి?" అని అడిగారు. "అమెరికన్" అన్నాను. "అది సరేనమ్మా, అసలు నేషనాలిటీ ఏమిటని" అంటూ నవ్వారు. ఇండియా అని చెప్పాను. ఆయన సంతోషంగా వెళ్లిపోయారు, నేను మాత్రం ఆ సీసా పట్టుకుని గుమ్మంలోనే కాసేపు నిలబడిపోయాను.

ఎందుకంటే నా జాతీయత మా బీరువాలో, మూల కత్తిరించిన పాత పాస్‌పోర్టు రూపంలో ఉంది. మరో దేశపు పౌరసత్వం కోరి తీసుకున్నవారు భారత పౌరులుగా కొనసాగడానికి మన చట్టం ఒప్పుకోదు కాబట్టి, ప్రమాణం చేసిన కొన్నాళ్లకు ఆ పాస్‌పోర్టును రద్దుకు పంపాను. ముద్ర వేసి తిరిగి పంపించారు. ఆ కవరు విప్పిన రోజు వంట చేయలేకపోయాను. అంత ఖరీదు పెట్టి కొనుక్కున్న ‘అమెరికన్’ అనే మాటను ఆయన ఒక్క నవ్వుతో పక్కన పెట్టేశారు, అదీ ఏ చెడు ఉద్దేశమూ లేకుండా.

రెండోది మా అబ్బాయి సంగతి. మూడో తరగతి చదువుతున్నాడు, ఇక్కడే పుట్టాడు. బడిలో గోడకు ప్రపంచ పటం వేలాడదీసి, ఎవరి కుటుంబం ఎక్కడి నుంచి వచ్చిందో గుండుసూది గుచ్చి, అక్కడి నుంచి మిల్వాకీకి రంగు దారం కట్టమన్నారట. మావాడు మిల్వాకీలోనే సూది గుచ్చాడు. టీచరు ప్రేమగానే దాన్ని తీసి ఇండియాలో గుచ్చమన్నారు. రాజధాని గుర్తుగా నక్షత్రం కనిపించిందని వాడు ఢిల్లీ మీద గుచ్చి వచ్చాడు. మాకు ఢిల్లీలో ఎవరూ లేరు. వాడి స్నేహితుడు, ఒక నల్లజాతి పిల్లవాడు, వాళ్ల నాయనమ్మ మిసిసిపీ నుంచి వచ్చిందని మిసిసిపీలో గుచ్చితే, "ఇంకా వెనక్కి వెళ్దాం" అని టీచరే ఆ సూదిని ఆఫ్రికా మధ్యలో పెట్టారట. ఆ ఇద్దరి సూదులనే కదిలించారని మావాడు ఇంటికి వచ్చి చెప్పాడు.

అమెరికన్లు వంశాన్ని గురించి ఇలా అడగడం ఆదరమా, లేక మీరు ఇక్కడివారు కారని గుర్తు చేయడమా?

నెబ్రాస్కా వైద్యుడు

అమ్మా, మీ బాధ అర్థమవుతున్నది, కానీ మీ పక్కింటాయన తరఫున నాలుగు మాటలు చెప్పనివ్వండి.

నేను గుంటూరు వైద్య కళాశాలలో చదువుకుని 1974లో నెబ్రాస్కాలోని ఒక చిన్న ఊరికి వచ్చాను. 1965 నాటి వలస చట్టం దేశాల వారీ పాత కోటాలను తీసివేశాక, డాక్టర్లు దొరకని ఇలాంటి ఊళ్లకు మాలాంటివారు వచ్చారు. ఈ రాష్ట్రంలో విల్బర్ చెక్ జాతీయుల ఊరు, ఓనీల్ ఐరిష్ వారి ఊరు, స్ట్రామ్స్‌బర్గ్ స్వీడన్ వారి ఊరు. ఇప్పటికీ ఆ పేర్లతోనే ఉత్సవాలు చేసుకుంటారు. ఒకప్పుడు ప్రార్థనా మందిరాలు వేరు, శ్మశానాలు వేరు, పండుగ వంటలు వేరు. ఈ ప్రాంతపు పెద్దలు ‘నేషనాలిటీ’ అన్నప్పుడు వారి మనసులో పాస్‌పోర్టు ఉండదు. మీ తాతలది ఏ గుడి, ఏ వంట, ఏ పాట అని అడగడానికి వారికి చిన్నప్పటి నుంచి అలవాటైన మాట అది. మీరు అమెరికన్ అన్నది ఆయనకు తెలిసిన విషయమే, ఆయన దృష్టిలో ఆయన కూడా అమెరికనే. అందుకే ఆ జవాబు ఆయనకు జవాబులా అనిపించలేదు.

వచ్చిన మొదటి చలికాలంలో ఒక చెక్ రైతు భార్య తన మనవడికి జ్వరం తగ్గిందని కొలాచీ అనే తీపి రొట్టెలు గుడ్డలో చుట్టి తెచ్చి, నా ఎదురుగా కూర్చుని, మీది ఏ దేశం, మీ అమ్మ ఏం వండుతుంది, ఆవిడకు ఉత్తరం రాశావా అని అడిగింది. తెలుగు మాట చెవిన పడి అప్పటికి నాలుగు నెలలయింది. ఆ ప్రశ్న అడగకపోయి ఉంటే నేను ఆ ఊళ్లో నిలబడేవాడిని కాను. ఆవిడ నన్ను తన పంక్తిలో కూర్చోబెట్టి విస్తరి వేసింది. మీ పక్కింటాయన చేసింది కూడా అదేనని నా నమ్మకం.

పటం సంగతి మాత్రం వేరు. అక్కడ టీచరు చేసింది పొరపాటే.

ఓవర్లాండ్ పార్క్ నివాసి (కాన్సస్)

డాక్టరు గారూ, మీ అనుభవాన్ని గౌరవిస్తాను. కానీ నేను ఉన్న చోటు నుంచి ఆ ప్రశ్న వేరుగా వినిపిస్తుంది.

2017 ఫిబ్రవరి 22న మా పక్క ఊరు ఓలేతాలో, పని ముగించుకుని స్నేహితుడితో కూర్చున్న మన హైదరాబాదు ఇంజనీరు శ్రీనివాస్ కూచిభొట్లను ఒకడు కాల్చి చంపాడు. కాల్పులకు ముందు ఆ మనిషి వారిద్దరినీ నిలదీసింది కూడా ఇలాంటి ప్రశ్నతోనే: ఎక్కడి నుంచి వచ్చారు, ఏ వీసా మీద ఉన్నారు. తర్వాత మా దేశం విడిచి పొమ్మని అరిచాడు. ఆ రాత్రి పారిపోయి మరో ఊళ్లో ఒక బార్లో, తాను ఇద్దరు ఇరానియన్లను కాల్చానని చెప్పుకున్నాడు. అంటే అడిగినవాడికి జవాబుతో పనే లేదు.

పంక్తిలో విస్తరి వేయడానికి అడిగే ప్రశ్నకూ, పంక్తిలోంచి లేపడానికి అడిగే ప్రశ్నకూ మాటలు ఒకటే. అడిగేవారికి తేడా తెలుసు. వినేవారికి మొదటి క్షణంలో తెలియదు. ఇప్పటికీ పెట్రోలు బంకులో ఎవరైనా ‘మీది ఏ దేశం?’ అంటే మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంటుంది. అడిగినవారు చాలాసార్లు మంచివారే, ఒకాయనైతే తాను విశాఖపట్నం చూశానని చెప్పడానికే అడిగాడు. అయినా ఆవిడ చెయ్యి వదలడానికి కొంతసేపు పడుతుంది.

నెబ్రాస్కా వైద్యుడు

మీ మాటకు నా దగ్గర ఎదురు మాట లేదు. ఆ తేడా చెప్పాల్సిన బాధ్యత అడిగేవారిదేనని ఒప్పుకుంటున్నాను. కానీ ఒక హంతకుడి నోట పలికినందువల్ల ఆ ప్రశ్నను ఆ రైతు భార్య దగ్గర నుంచి కూడా లాక్కుంటే, నాకు మిగిలేది మర్యాదతో కూడిన మౌనమే. ఆ మౌనాన్ని కూడా ఇక్కడ చాలా ఏళ్లు చూశాను. అదేమీ సుఖం కాదు.

చరిత్ర విద్యార్థి (చికాగో)

ఇద్దరూ ప్రశ్న వెనుక ఉన్న మనసును గురించి మాట్లాడుతున్నారు. నేను ఆ ప్రశ్నకు ఉన్న బరువును గురించి చెప్పదలిచాను, ఎందుకంటే ఆ బరువు అందరి మీదా ఒకేలా పడలేదు.

1923వ సంవత్సరాన్ని చూడండి. ఆ ఫిబ్రవరిలో అమెరికా సుప్రీంకోర్టు భగత్ సింగ్ థిండ్ వ్యాజ్యంలో తీర్పు చెప్పింది. అప్పటి చట్టం ప్రకారం ‘తెల్లవారికి’, ఆఫ్రికా మూలాలు ఉన్నవారికి మాత్రమే పౌరసత్వం ఇచ్చేవారు. థిండ్ మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు. తన వంశమూలం కాకేసియన్ (నాటి శాస్త్రవేత్తలు తెల్లవారిని చేర్చిన వర్గం) అని వాదించాడు. శాస్త్రం ఏం చెప్పినా, సామాన్యుడి దృష్టిలో హిందూదేశస్థుడు తెల్లవాడు కాడు కనుక పౌరసత్వానికి అర్హుడు కాడని కోర్టు తేల్చింది. ఆ తర్వాత అప్పటికే పౌరులైన భారతీయుల పౌరసత్వాలను కూడా రద్దు చేయడం మొదలుపెట్టారు. శాన్ ఫ్రాన్సిస్కోలో దుకాణం నడిపే వైష్ణోదాస్ బగాయ్ అలా ఏ దేశానికీ చెందనివాడై 1928లో ప్రాణం తీసుకున్నాడు. మన వారికి మళ్లీ పౌరసత్వపు దారి తెరుచుకున్నది 1946లో, అది కూడా ఏడాదికి వంద మంది వలస కోటాతో.

అదే 1923లో, నాలుగు నెలలు తిరగకుండానే, అదే కోర్టు డాక్టరు గారి నెబ్రాస్కా నుంచి వచ్చిన మరో వ్యాజ్యంలో తీర్పు ఇచ్చింది. యుద్ధకాలపు జర్మన్ వ్యతిరేకతతో, ఎనిమిదో తరగతి దాటని పిల్లలకు పరభాషలు నేర్పకూడదని ఆ రాష్ట్రం చట్టం చేసింది. బడిలో జర్మన్ నేర్పినందుకు మేయర్ అనే ఉపాధ్యాయుడికి జరిమానా పడింది. సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేసింది. కాబట్టి మిల్వాకీ పెద్దాయన పూర్వీకులు కూడా తమ మూలం పేరు చెప్పుకోవడానికి భయపడిన రోజులు ఉన్నాయి. అది మనం మరిచిపోకూడదు. కానీ వారికి ఆ బరువు దిగింది. ఒకే ఏడాది, ఒకే న్యాయస్థానంలో, ఒకరి వంశానికి రక్షణ దొరికింది, మరొకరి వంశం అనర్హత అయింది.

ఇంకో విషయం. 1980 జనాభా లెక్కల్లో మొదటిసారి ‘మీ వంశమూలం ఏమిటి?’ అన్న ప్రశ్న పెట్టారు. ఇంగ్లీషు మూలమని సుమారు 4.96 కోట్ల మంది, జర్మన్ మూలమని సుమారు 4.92 కోట్ల మంది రాశారు. 1990 వచ్చేసరికి ఇంగ్లీషువారు సుమారు 3.3 కోట్లకు పడిపోయారు, జర్మన్లు 5.8 కోట్లకు చేరారు. పదేళ్లలో అంతమంది తాతలు మారరు కదా. ప్రశ్న కింద ఇచ్చిన ఉదాహరణలలో 1990లో ఇంగ్లీషు పోయి జర్మన్ ముందుకు రావడం దీనికి ఒక పెద్ద కారణమని చెబుతారు. తెల్లవారికి వంశమనేది అంత తేలికైన విషయం: కావలసిన ముత్తాతను ఎంచుకోవచ్చు, అక్కర లేకపోతే పేరే ఎత్తకుండా ఊరుకోవచ్చు. అదే 1980 పత్రంలో మన కోసం ‘ఏషియన్ ఇండియన్’ అనే గడి జాతుల వరుసలో వచ్చింది. (ఆ గడి కావాలని అడిగింది మన సంఘాల పెద్దలే. 1970లో మనల్ని తెల్లవారి లెక్కలో కలిపేశారు. గడి అడగడానికి ఆ పెద్దల కారణాలు వారికి ఉన్నాయి.) పెన్నాతీరం గారి అబ్బాయి రేపు తాను అమెరికన్ అని మాత్రమే చెప్పి ఊరుకోవాలనుకుంటే, అవతలివారు ఆగుతారా? నేను ఆదరాన్ని కొలిచేది అక్కడే. ఒక జవాబు విన్న తర్వాత ఆగితే అది పలకరింపు, ‘అసలు’ అనే మాట చేర్చి రెండోసారి అడిగితే అది విచారణ.

ఫ్రిస్కో గృహస్థు (టెక్సస్)

చరిత్ర విద్యార్థి గారి చివరి మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను, అందుకే ఒక ఇబ్బందికరమైన విషయం ఇక్కడ పెట్టక తప్పడం లేదు. మా ఊళ్లో తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. కొత్తవారు ఎవరైనా వనభోజనానికి వస్తే మనం మొదట అడిగేది మీది ఏ ఊరని. విజయవాడ అంటే, విజయవాడలో ఎక్కడ? తర్వాత ఇంటిపేరు ఏమిటి? అప్పటికీ తెలియకపోతే, ఫలానా వారు మీకు ఏమవుతారు? మీరేమిటివారు అని నోరు తెరిచి అడగకుండానే మూడు మెట్లలో అక్కడికి చేరుకుంటాము. పోయిన వేసవిలో ఒక యువకుడు రెండో మెట్టు దగ్గరే పళ్లెం పట్టుకుని పిల్లలు ఆడుకునే వైపు వెళ్లిపోవడం చూశాను. ఇంటిపేరు అడిగింది నేనే. మళ్లీ అతను ఏ సమావేశానికీ రాలేదు.

అమెరికన్లు అడిగే ‘అసలు’ మనకు గుచ్చుకున్నదంటే, ఆ సూది ఎలా ఉంటుందో ఇప్పుడు మనకు తెలుసు. ఇంటిపేర్లు అడగడం నేను మానేశాను.

పెన్నాతీరం (మిల్వాకీ, విస్కాన్సిన్)

అందరికీ కృతజ్ఞతలు. ఫ్రిస్కో గృహస్థు గారూ, మీ మాట చదివాక నేను కూడా ఒకరికి ఫోన్ చేయవలసి ఉందని గుర్తుకు వచ్చింది.

డాక్టరు గారి మాట పట్టుకుని నిన్న సాయంత్రం పక్కింటికి వెళ్లాను. కత్తిరించిన పాస్‌పోర్టు వెంట తీసుకువెళ్లి, ఆ రోజు మీ ప్రశ్న నన్ను ఎందుకు బాధపెట్టిందో చెబుతానని కూర్చున్నాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని, కత్తిరించిన మూల మీద వేలు రాసి చూశారు. దేశం వదులుకుంటున్నామని మమ్మల్ని ప్రమాణం చేయిస్తారని ఆయనకు తెలియదట. తన భార్యను పిలిచి చూపించారు. కాసేపటికి లోపలికి వెళ్లి, తన ముత్తాత కాగితాలున్న రేకు పెట్టె తెచ్చారు. 1898లో మిల్వాకీ కోర్టులో పౌరసత్వం కోరుతూ చేసిన ప్రకటన అందులో ఉంది. అచ్చు వేసిన పత్రంలో ఖాళీ చోట నల్ల సిరాతో, జర్మనీ చక్రవర్తి రెండవ విలియం పట్ల విధేయతను శాశ్వతంగా వదులుకుంటున్నానని రాసి ఉంది, కింద తడబడిన సంతకం. ఆ కాగితం ఆయన దగ్గర యాభై ఏళ్లుగా ఉందట, ఓడ పేరు, వచ్చిన తేదీ మాత్రమే చూసుకునేవారట. ఆ వాక్యాన్ని రెండుసార్లు పైకి చదివారు. "ఈయన కూడా వదులుకున్నాడన్నమాట" అన్నారు. తర్వాత, నేను వదులుకున్నప్పుడు మా అమ్మ ఏమన్నదని అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి నాకు రాత్రి తొమ్మిదయింది.

టీచరు గారికి ఉత్తరం రాస్తున్నాను. సూదులు తీసేయమని అడగను, పటం మంచి ఆలోచనే. పిల్లలు గుచ్చిన చోటే ఉంచమని, మిసిసిపీ సూదిని మిసిసిపీకి, మా సూదిని మిల్వాకీకి తిరిగి తెమ్మని, నెల్లూరు ఎక్కడుందో మావాడు అడిగిన రోజున నేనే వచ్చి చూపిస్తానని రాశాను. ‘దయచేసి’ ఎన్నిచోట్ల రాయాలో తేలడం లేదు. బడిలో పనిచేసేవారు ఎవరైనా ఈ చర్చ చదువుతుంటే ఒకసారి సరిచూసి పెట్టగలరా?