చెల్లెకు రాయదుర్గంల కొలువు: అమీర్‌పేటల ఉంచాల్నా, ఎల్బీనగర్‌ల ఉంచాల్నా?

నకిరేకల్ తమ్ముడు:
అందరికి నమస్తే. మా చెల్లెకు హైదరాబాద్‌ల రాయదుర్గంల కొలువు దొరికింది, వచ్చే నెల చేరాలె. ఎల్బీనగర్‌ల మా మేనత్తోళ్లుంటరు, ఈడ్నే ఉండి మెట్రోల పోయిరా అంటున్నరు. దాని దోస్తులేమో అమీర్‌పేట హాస్టల్ల ఉందాం రా అంటున్నరు. అమ్మకు ఒక్కటే రంది, అమీర్‌పేటల రైలు మారేటప్పుడు ఆ జనంల పిల్ల ఆగమైతదని. ఆడ మారుడు ఎట్లుంటది, ఆ చుట్టుపక్కల ఆడపిల్లలు ఉండనీకె ఎట్లుంటది, తెల్సినోళ్లు జర చెప్పుండ్రి.

మధురానగర్ అక్క:
తమ్మీ, మాది చిట్యాల. మధురానగర్ హాస్టల్ల ఉండి హైటెక్ సిటీల పనిచేసిన, పెండ్లయినంక గూడ ఇక్కడ్నే ఉంటున్నం.

ముందుగాల అమ్మ రంది సంగతి. అమీర్‌పేటల మారనీకె బయటికొచ్చుడు, మళ్ల టికెట్ తీసుడు ఉండది. ఎల్బీనగర్ నుంచి మియాపూర్ పోయే రైలు, అదే ఎర్ర లైన్, కింది అంతస్తుల ఆగుతది, రాయదుర్గం పోయేది పైన. మెట్లో ఎస్కలేటరో ఎక్కితే అయిపాయె. పైన మాత్రం రెండు దిక్కుల రైళ్లుంటయి, ఒకటి రాయదుర్గం, ఒకటి నాగోల్. గుంపు ఎటురికితే అటురకకుండ ఆఖరి స్టేషన్ పేరు సూసి ఎక్కుమను. ఆడోళ్లకు విడిగా జాగ ఉంటది, ఆడనే నిలబడమను.

అసలు కష్టం మారుడు కాదు, పొద్దుగాల తొమ్మిదింటికి ఎక్కుడు. రైలుకున్నయి మూడే పెట్టెలు. ఉప్పల్, సికింద్రాబాద్ దిక్కు నుంచే నిండొస్తది. అమీర్‌పేటల కొందరు దిగుతరు, ఎర్ర లైన్ల వచ్చినోళ్లు మస్తుమంది అండ్లకే ఎక్కుతరు. ఆ తర్వాతి స్టేషనే మధురానగర్. తలుపు తెరుస్తది గాని కాలు పెట్ట సందుండది. అందుకే నేను మధురానగర్‌ల ఉండి గూడ పొద్దుగాల అమీర్‌పేట దాక ఎనకకు నడిచిపోయి ఆడ ఎక్కేదాన్ని. మాపటికి మధురానగర్‌ల దిగేదాన్ని.

ఎల్బీనగర్ సంగతంటవా, మొదటి స్టేషన్ కాబట్టి సీటు దొరుకుతది. కాని అమీర్‌పేటకు 16 స్టేషన్లు, ఆడికెళ్లి రాయదుర్గానికి ఇంకో 9. ఇల్లు దాటి ఆఫీసుల కూసునేసరికి గంట మీదనే. కొత్త కొలువుల రాత్రి ఆలస్యమైతే మేనత్త ఎదురుసూసుడు, పిల్ల తొందరపడుడు. నేనైతే అమీర్‌పేట చుట్టుపక్కలనే ఉంచుమంట.

అమీర్‌పేటల మైత్రీవనం బిల్డింగు ఎనక గల్లీలల్ల హాస్టళ్లు, కోచింగ్ సెంటర్లు, జిరాక్స్ దుకాణాలు ఒకదాన్నొకటి రాసుకొని ఉంటయి. నల్లగొండ, ఖమ్మం, పాలమూరు పిల్లలే మస్తుమంది, కొత్త పిల్లకు ఆ ధైర్యం పెద్దది. కాని లొల్లి ఎక్కువ, గదికి నలుగురైదుగుర్ని పెడతరు. మధురానగర్ సంసారాలుండే జాగ, నెమ్మది. ఎటు తీసుకున్నా అడ్వాన్సు కట్టకముందే నీళ్లు ఎన్ని గంటలొస్తయో, గదికి కిటికీ ఉన్నదో లేదో సూడుండ్రి. బల్కంపేట ఎల్లమ్మ గుడి గూడ దగ్గర్నే, ఆషాఢంల కల్యాణం నాడు ఆ రోడ్లల్ల ఆటోలు కదలవు.

జడ్చర్ల అన్న:
అక్క చెప్పింది నిజం. పాలమూరోళ్లకు మాత్రం అమీర్‌పేట కన్న ఎంజీబీఎస్సే, అదే మహాత్మా గాంధీ బస్టాండ్ కాడి మెట్రో స్టేషనే, అక్కరకొస్తది. షాద్‌నగర్, ఆరాంఘర్ మీదికెళ్లి వచ్చే మా బస్సు దిగంగనే రెండు లైన్లు దొరుకుతయి, ఎర్రది, ఆకుపచ్చది. నేను గ్రూప్స్‌కు చదివేటప్పుడు ఆకుపచ్చ లైన్ల చిక్కడపల్లికి, సిటీ సెంట్రల్ లైబ్రరీకి పోతుంటి. 2020 ఫిబ్రవరిల ఆ లైన్ రాకముందు కోఠి ట్రాఫిక్ల పొద్దంత పోయేది. అమ్మానాయినలను గాంధీ దవాఖానకు తోల్కపోయేటోళ్లకు గూడ అదే లైన్.

నకిరేకల్ తమ్ముడు:
అక్కా, శానా మంచిగ చెప్పినవు. శుక్రవారం మాపు ఇంటికొస్తె ఏడ బస్సెక్కాలె?

మధురానగర్ అక్క:
మామూలు రోజులల్ల ఎల్బీనగర్‌ల దిగి సూర్యాపేట బస్సెక్కితే సాలు. ఎర్ర లైన్ అక్కడి దాక 2018 సెప్టెంబరుల వచ్చింది. అంతకుముందు మేం సిటీ బస్సుల లక్డీకాపూల్, కోఠి దాటుడు పెద్ద పని. దసరాకు, సంక్రాంతికి మాత్రం ఎల్బీనగర్‌ల నిలబడొద్దు, బస్సులు నిండొస్తయి. అదే రైల్ల ముందుగాలనే ఎంజీబీఎస్‌ల దిగి, బస్టాండ్ల సీటు పట్టుకొని రమ్మను. శుక్రవారం పెద్ద బ్యాగుంటే పొద్దుగాల ఆఫీసుకు మోసుకపోవద్దు, హాస్టల్ల పెట్టి మాపు తీసుకొని అమీర్‌పేటల ఎక్కుమను.

హాస్టల్ సూడనీకె వచ్చేముందు ఈడ ఒక మాట రాయి. అమ్మను గూడ తోల్కరా, రైలు మారుడు నేను దగ్గరుండి సూపెడత.