రాతి పగులులో కనిపించినది కాంగర్ ఈలా, మొరే ఈలా?

ప్రశ్న (ప్లిమత్ నుంచి):
నమస్కారం. ఇంగ్లండ్ నైరుతి తీరంలో, సుమారు 18 మీటర్ల లోతున ఉన్న రాతి రీఫ్ (నీటి అడుగున ఉండే రాతి దిబ్బ) మీద గత ఆదివారం డైవ్ చేస్తుండగా, ఒక బండ కింది పగులులో నా పిడికిలి కంటే పెద్దదైన బూడిదరంగు తల కనిపించింది. టార్చి వెలుగు పడగానే అది కాస్త వెనక్కి జరిగింది గానీ నోరు మెల్లగా తెరుస్తూ మూస్తూ అక్కడే ఉండిపోయింది. లక్షద్వీప్‌లో చూసిన మొరే ఈలే (ఈల్ అంటే పాములా పొడవుగా ఉండే చేప) అనుకున్నాను, తోటి డైవర్లు మాత్రం కాంగర్ అన్నారు. ఈ రెంటినీ ఎలా గుర్తుపట్టాలి? నోరు అలా తెరవడం బెదిరింపా?

జవాబు 1:
మీ తోటివారు చెప్పిందే నిజమండీ. తల వెనుక, మొప్పల పక్కన చూడండి: కాంగర్‌కు అక్కడ స్పష్టమైన జత రెక్కలుంటాయి, మొరేకు ఉండవు. పొలుసుల్లేని నున్నని ఒళ్లు, వీపు పొడవునా సాగే రెక్కకు నల్లని అంచు, కింది దవడను దాటి ముందుకొచ్చిన పై దవడ కూడా కాంగర్ గుర్తులే. ఇక నోరు తెరవడం ఊపిరి కోసమే. నీటిని మొప్పల మీదుగా పంపుకుంటుంది. పగలు పగుళ్లలో దాగి, చీకటి పడ్డాక చేపలు, పీతలు, ఆక్టోపస్‌ల వేటకు బయలుదేరుతుంది. అందుకే రాతి రీఫ్‌తో పాటు మునిగిన నౌకలూ దానికి ఇష్టమైన చోట్లే. మీకు దగ్గరలోని విట్‌శాండ్ బేలో, 1945లో టార్పీడో తగిలి మునిగిన జేమ్స్ ఈగన్ లేన్ నౌకలోనూ, 2004లో కృత్రిమ రీఫ్ కోసం ముంచిన సిల్లా నౌకలోనూ చూడవచ్చు.

జవాబు 2:
ఒక్క మాట గట్టిగా చెప్పాలనిపిస్తోంది. దయచేసి పగులులో చెయ్యి పెట్టకండి, చేప ముక్క చూపించి బయటకు రప్పించకండి. ఆహారానికి అలవాటుపడిన కాంగర్‌కు ముక్కకూ వేలికీ తేడా తెలియదు, దాని దవడల బలం మామూలుది కాదు. టార్చిని నేరుగా కళ్లలోకి కాకుండా పక్క రాతి మీదకు వేసి, కదలకుండా ఆగితే, అదే మెల్లగా ముందుకు వస్తుంది.

జవాబు 3:
దాని బతుకు గురించి కూడా తెలుసుకోండి. ఏళ్ల తరబడి ఇలా రాళ్లలో పెరిగిన కాంగర్, పెద్దయ్యాక తిండి మానేసి లోతైన సముద్రానికి వలస పోయి, ఒకేసారి లక్షల కొద్దీ గుడ్లు పెట్టి చనిపోతుంది. ఆకులా పలచగా, అద్దంలా పారదర్శకంగా ఉండే పిల్లలు ప్రవాహాలతో కొట్టుకువస్తాయి. మీరు చూసిన పెద్ద తల బహుశా ఆడదే, ఎందుకంటే మగవి అంత పెరగవు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలండీ. తీసిన ఫొటోను పెద్దది చేసి చూశాను. మొప్ప వెనుక, నీడలో సగం మునిగి, ఆ చిన్న రెక్క ఉంది.